జనగామ మేడగదిలో కరెంటు రైళ్ళు

మొన్న మా ఇంట్లో మిక్సీ తీగ మొదట్లో తెగిపోతే, బాగుచేసేవాళ్ళను వెతుక్కుంటూ బజారుకు బయలుదేరిన నన్ను మా ఆవిడ గుమ్మంలోనే ఆపి, అటక మీది రేకు డబ్బాలో నీ సోల్డరింగు కడ్డీ ఉండనే ఉందిగదా, బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళకు పైగా కరెంటు పని చేసినవాడివి ఈ మాత్రం దానికి ఇంకొకడి ముందు నిలబడతావా అని అడిగింది. డబ్బా దించాను. ఆరేళ్ళుగా ముట్టని కడ్డీ అది. ప్లగ్గు పెట్టగానే కొనకు అంటుకుని ఉన్న పాత సీసం మెత్తబడి, మెరిసి, సన్నని పొగ ఒకటి లేచి ముక్కుకు తగిలింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పొగకేనని ఆవిడ అనుకుంది, లేదా అనుకున్నట్టు మొహం తిప్పుకుంది.

మిక్సీ బాగయింది. నేను మాత్రం ఆ రోజంతా మరే పనీ చేయలేకపోయాను.

నా ఈడు వాళ్ళకు బొగ్గు ఇంజన్లు గుర్తుండే ఉంటాయి. కిటికీ పక్కన కూర్చుంటే కంట్లో నలుసు పడేది, తెల్లచొక్కా దిగేసరికి బూడిదరంగు అయ్యేది, అయినా ఆ కిటికీ కోసమే పోట్లాడుకునేవాళ్ళం. మాది మహబూబాబాద్. బోర్డు మీద ఏం రాసినా మాకది మానుకోటే. మా బాపు అక్కడ రైల్వేలో కీమ్యాన్. భుజాన సుత్తి, చేతిలో పానా పెట్టుకుని తెల్లవారగానే పట్టాల వెంబడి నడుస్తూ, వదులైన ప్రతి చీలనూ కొట్టి బిగించుకుంటూ పోవడం ఆయన ఉద్యోగం. తల వంచుకుని నడిచి నడిచి మెడ అట్లాగే ఉండిపోయింది. పెళ్ళి పందిట్లో కూర్చున్నా నేల మీద ఏదో వదులైనదాన్ని వెతుకుతున్నట్టే ఉండేవాడు. మాటలు తక్కువ. నేను కుర్రతనం దాటి పనికోసం తిరుగుతున్న రోజుల్లో మా లైను మీద స్తంభాలు పాతి తీగలు లాగారు. మొదటి కరెంటు ఇంజను వచ్చిన రోజున ఊళ్ళో సగం జనం ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. పొగ లేదు, రొప్పు లేదు, నెత్తి మీద మడతల చట్రం ఒకటి తీగను ఆనుకుని ఉంది, అంత పెద్ద బండి గాలికి కదిలిన పరదాలా వచ్చి ఆగింది. ఆ నెత్తి మీది చట్రాన్ని చూసిన కళ్ళతో నేను ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇంకేమీ సరిగ్గా చూడలేదంటే నమ్మాలి.

ఉద్యోగం దొరికింది భూపాలపల్లిలో. గనులున్నాయి, క్వార్టర్లున్నాయి, జీతముంది. రైలు మాత్రం లేదు, ఈనాటికీ లేదు. రైలు కూతతో లేచి కూతతో అన్నం తిన్నవాణ్ణి. ఆ నిశ్శబ్దంలో నాకు పొద్దు తెలిసేది కాదు. ఆ బెంగతోనే ఒక సెలవు రోజున పాడైన టేపురికార్డరు మోటారు ఒకటి ముందేసుకుని, డాల్డా డబ్బా రేకును కత్తిరించి వంచి, జానెడు పొడవు కరెంటు ఇంజను ఒకటి చేశాను. సైకిలు బ్రేకు తీగను విప్పి, ఆ పోగులతో నెత్తి మీది చట్రం అల్లాను. హనుమకొండలో లేతు మిషను నడిపే ఒక పెద్దమనిషి ఓపికగా చక్రాలు తీసి ఇచ్చాడు. మూరెడు ఇత్తడి పట్టాల మీద అది ముందుకూ వెనక్కూ నడిచిన రోజున చూడడానికి మా ఆవిడ ఒక్కతే ఉంది. అప్పటికి మాకు పెళ్ళయి నాలుగు నెలలు.

ఆ బొమ్మనే సంచిలో పెట్టుకుని దసరాకు ఘనపూర్, మా అత్తగారింటికి వెళ్ళాను. అక్కడే మా తోడల్లుడితో, అంటే మా ఆవిడ అక్క భర్తతో, మొదటిసారి తీరికగా కూర్చున్నాను. ఆయనది జనగామ, బడిలో డ్రాయింగు మాస్టరు. నాకంటే అయిదారేళ్ళు పెద్ద, మంచి మాటకారి, నవ్వితే ఇల్లంతా వినబడేది. అరుగు మీద పట్టాలు పరిచి ఇంజను నడిపి చూపిస్తే అందరూ నిలబడి చూసి బాగుందన్నారు. ఆయన ఒక్కడు మాత్రం కొత్త పంచెకు మన్నంటుతుందని కూడా చూడకుండా బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, పట్టాల ఎత్తున కన్ను పెట్టి చూశాడు. అట్లా చూస్తేనే బొమ్మ రైలు నిజం రైలంత కనబడుతుంది. ఆ సంగతి నాకు ఒక్కడికే తెలుసనుకునేవాణ్ణి. లేచి చొక్కా దులుపుకుంటూ, "తమ్మీ, ఇంజను ఉంది గని దీనికి ఊరు లేదు. ఊరు నేను చేస్త," అన్నాడు.

అన్నట్టే చేశాడు. జనగామలో వాళ్ళ ఇంటిమీద రేకుల గది ఒకటి ఖాళీగా ఉండేది. అందులో మూడు గోడల వెంబడి నడుమెత్తు బల్లలు వేయించాడు. నేను నెలకు రెండు వారపు సెలవులు ఆ గదికే ఇచ్చాను; భూపాలపల్లిలో బస్సెక్కి, హనుమకొండలో మారి, జనగామలో దిగేసరికి వదిన వంట పూర్తయి ఉండేది. ఇంజన్లు, పట్టాలు, స్తంభాలు, తీగలు నా పని. గుట్టలు, పత్తిచేలు, స్టేషన్లు, మనుషులు ఆయన పని. పాత కాగితాలు నానబెట్టి రుబ్బి గుట్టలు చేసేవాడు, అగ్గిపుల్లలు చెక్కి కూలీలను నిలబెట్టేవాడు, స్టేషన్ మాస్టరు చేతిలోకి గోరంత పచ్చజెండా ఇచ్చేవాడు. ఒక చివర మానుకోట, ఇంకో చివర జనగామ, నడుమ కాజీపేట. ఇట్లా పాతికేళ్ళకు పైగా గడిచాయి. మేమిద్దరం ఆ గదిలో గంటలకొద్దీ మాట్లాడుకోకుండా పనిచేసేవాళ్ళం. అంత మాటకారి నా పక్కన మౌనంగా ఉండడమే నాకు ఆయనిచ్చిన పెద్ద మర్యాద అనిపించేది.

ఒక ఇబ్బంది మాత్రం తీరేది కాదు. మా ఇంజన్లు పెద్ద రైళ్ళలాగే పై తీగ నుంచే కరెంటు తీసుకునేవి, అది నా పట్టుదల. కాని నాలుగు రోజులు నడిపేసరికి చట్రం మీద తీగకు రాసుకునే పట్టీకి సరిగ్గా నడుమన గాడి పడి, నిప్పురవ్వలు లేచి, బండి ఆగిపోయేది. ఎన్ని లోహాలు మార్చినా అంతే. బాపు పని నుంచి దిగిపోయాక ఒకసారి ఆయన్ను జనగామకు తీసుకుపోయి బల్ల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆయన చాలాసేపు చూసి, నేనేదో మెప్పుకోసం ఎదురుచూస్తుంటే, వేలెత్తి పైన చూపించాడు.

"తీగ గింత సక్కగ గుంజినవేందిరా? అసలు తీగ గిట్ల ఉండదు. ఒక స్తంభం కాడ ఇటు గుంజుతరు, ఇంకో స్తంభం కాడ అటు గుంజుతరు. ఎప్పుడు ఒక్కకాడనే రాస్తే పట్టీ కోసుకపోదా? పొద్దుగాల దాని నీడ పట్టాల మీద పాము లెక్క వంకరటింకరగ పోతది. నేను దినాం ఆ నీడ తొక్కుకుంటనే నడిచిన."

తల ఎత్తి తీగను చూసిన చదువుకున్నవాళ్ళకు తెలియనిది, తల వంచి నీడను చూసిన మా బాపుకు తెలిసింది. తీగలన్నీ ఊడదీసి వంకరగా లాగాను. ఆ తర్వాత మళ్ళీ గాడి పడలేదు. జీవితంలో మా బాపు నాకు నేర్పిన విద్య అంటే అదొక్కటే. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆ గదిలో ముగ్గురమే ఉన్నాం.

నేను రిటైరైన రోజున మా తోడల్లుడు భూపాలపల్లి రాలేదు, ఒంట్లో బాగాలేదన్నాడు. మనసు కొంచెం చిన్నబుచ్చుకుని తర్వాతి వారం జనగామ వెళితే, బల్ల మీద పత్తిచేను తీసేసిన చోట కొత్త స్టేషను ఒకటి వెలిసి ఉంది. పసుపుపచ్చ బోర్డు మీద నల్లని అక్షరాలు: భూపాలపల్లి. ఈ భూమ్మీద రైలాగని మా ఊరికి ఆయన స్టేషను కట్టి, ప్లాట్‌ఫారం మీద టోపీ, దీపం పెట్టుకున్న గని కార్మికుణ్ణి ఒకణ్ణి నిలబెట్టాడు. దాన్ని చూసి నేను ఏడ్చాను. ఆయన నవ్వుతూ నా వీపు తట్టాడు. ఈ మనిషి గురించి ఇప్పుడు ఏది రాసినా, ఆ రోజును మాత్రం కొట్టేయలేను. కొట్టేయగలిగితే బాధ సగం తగ్గేది.

మరో ఏడాది గడిచాక నా కుడికంటిలో పొర ఊడింది. హైదరాబాదులో ఆపరేషను చేసి, నెలల తరబడి ప్రయాణం వద్దు, వంగి పని అసలే వద్దన్నారు. అప్పుడొక మధ్యాహ్నం జనగామ నుంచి ఫోను వచ్చింది.

"తమ్మీ, దిల్ గట్టి చేసుకో. మొన్న గాలిదుమారానికి మేడగది రేకులు లేచినయి. వాన మొత్తం బల్లల మీదనే పడ్డది. మిగిలినదాన్ని చెదలు పట్టింది. నేనే తీసి కాలబెట్టిన. నువ్వు చూస్తే ఓర్వవు."

ఆయన గొంతు వణికింది. ఆ వణుకు విని నా దుఃఖం మింగుకుని నేనే ఆయన్ను ఓదార్చాను, పోనీ అన్నా, పరేషాన్ కాకు, మనుషులం బాగున్నం గద అన్నాను. ఫోను పెట్టేశాక కంటికి కట్టు ఉందని కూడా మరిచి ఏడిస్తే మా ఆవిడ తల నిమిరి, పోనీలే, ముందు నీ కన్ను బాగుకానీ అంది. నా పనిముట్లు డబ్బాలో పెట్టి అటక ఎక్కించింది కూడా ఆవిడే.

మూడేళ్ళు అట్లా గడిచాయి. ఈ నడుమ పండుగలకు, పెళ్ళిళ్ళకు కలిసినప్పుడు మేమిద్దరం ఆ ఊసు ఎత్తలేదు. చచ్చిపోయిన బిడ్డ పేరెత్తనట్టు ఎత్తలేదు. ఎదుటివాడి గాయం కదిలించకూడదని నా జాగ్రత్త. ఆయన జాగ్రత్త వేరని నాకేం తెలుసు?

మా చెల్లెలు మానుకోటలోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆమె జనగామ గదిని ఎన్నడూ చూడలేదు, కాలిపోయిందని మాత్రం విన్నది. ఒకసారి నేను వాళ్ళింటికి పోయినప్పుడు, "అన్నా, మా బళ్ళె కొత్త హాలు కట్టి రైళ్ళ గది పెట్టిండ్రు. ఒకసారి చూడు, నీ పానం జర కుదుటపడతది," అని తీసుకుపోయింది. పెద్ద హాలు, అద్దాల అర, లోపల దీపాలు. గుట్టలు చూసి, మనలాంటి పిచ్చివాళ్ళు ఈ ఊళ్ళోనూ ఉన్నారే అని ముందు నిజంగానే సంబరపడ్డాను. మలుపు తిరిగి ఇంజను వచ్చింది. అది నేను చేసిన మూడో ఇంజను. దాని పక్కన రాసిన నంబరులో చివరి అంకె కొంచెం వాలి ఉంటుంది, ఆ రోజు నా చేయి జారింది. మెల్లగా నా చూపు బల్ల వెంబడి నడిచింది. మానుకోట ఉంది, కాజీపేట ఉంది. భూపాలపల్లి బోర్డుకు తెల్లరంగు పూసి బడి పేరు రాశారు. తెల్లరంగు కింద నుంచి భూ అక్షరం దీర్ఘం ఇంకా లీలగా కనబడుతూనే ఉంది. టోపీ పెట్టుకున్న గని కార్మికుడు ఆ బడి పేరు కింద నిలబడి రైలు కోసం చూస్తున్నాడు. అద్దం పక్కన పలక మీద రూపకల్పన, నిర్మాణం అని రాసి మా తోడల్లుడి పేరు చెక్కారు. ఇంకే పేరూ లేదు.

అప్పటికీ నేను నిలబడే ఉన్నాను. గోడ మీద టీవీ ఒకటి ఉంది, అందులో ఆయన మాట్లాడుతున్నాడు, అదే నవ్వు, అదే గొంతు. తీగ ఎందుకు వంకరగా ఉందో పిల్లలకు చెబుతున్నాడు.

"మా బాపు పట్టాల మీద నడిచిన మనిషి. పొద్దుగాల ఆ తీగ నీడ పాము లెక్క వంకరటింకరగ పోతదిరా, నేను దినాం తొక్కుకుంటనే నడిచిన అని నాకు చెప్పిండు."

ఆయన తండ్రి మగ్గం ముందు బతికిన మనిషి. రైలెక్కిందే నాలుగైదు సార్లు. మా చెల్లెలు నా చేయి గట్టిగా పట్టుకుంది.

"అన్నా, గా మాట మన బాపు చెప్పిండని నువ్వే అంటివిగదా? గాయన నోట్లెకు ఎట్ల పోయింది?"

ఆ రోజే మధ్యాహ్నం బండెక్కి జనగామలో దిగాను. మా చెల్లెలు తోడొస్తానంటే వద్దన్నాను. ఆయన వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. మానుకోట నుంచి వస్తున్నాను, రైళ్ళు చూశాను అన్నాను. ఏ రైళ్ళని ఆయన అడగలేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, కూసో తమ్మీ అన్నాడు.

"కాలబెట్టిన అంటివి గదా అన్నా."

"అడిగితే ఇస్తుంటివా?" అని ఆయన మెల్లగానే మొదలుపెట్టి గొంతు పెంచాడు. "పాతికేండ్లకు పైన తలుపేసుకొని మనిద్దరమే చూసుకున్నం. ఎవడన్న పైకొస్తే దగ్గరికి రాకు, వేలు పెట్టకు అని గుర్రుమంటివి. నేను పిల్లలకు బొమ్మలు నేర్పినోన్ని. నలుగురికి చూపియ్యాలని నాకుండదా? వాళ్ళొచ్చి అడిగిండ్రు, ఇచ్చిన."

అందులో నిజం ఉంది. నేను ఎవరినీ ముట్టనిచ్చేవాణ్ణి కాదు, వదిన చుట్టాలొస్తే మొహం ముడుచుకునేవాణ్ణి. ఆ మాట ఆయన ముందే ఒప్పుకున్నాను.

"సరే. రైళ్ళు తీసుకున్నవు, నా పేరు తీసేసినవు, అది గూడ సరే. మా బాపును ఎందుకు తీసుకున్నవు అన్నా?"

ఆయన మడిచిన పేపరును విప్పి మళ్ళీ మడిచాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "కెమెరా ముందల నిలబెట్టి అడిగిండ్రు. నోటికి అదే వచ్చింది. మా బాపు నాకు గసొంటి మాట ఒక్కటి గూడ చెప్పలే తమ్మీ."

కోపం ఉంది, జాలి కూడా వచ్చింది. టీవీలో ఆ మాట తీయించు, ఇంకేమీ అడగను అని లేచాను. అంతవరకూ తలుపు దగ్గర నీళ్ళ చెంబుతో నిలబడి ఉన్న వదిన, అయోమయంగా నా మొహంలోకి చూసి, "నీకు తెల్వదా నాయినా? నాడే మా చెల్లెకు చెప్తినిగద, బడికిచ్చిండని," అంది.

జనగామ నుంచి భూపాలపల్లి చేరేదాకా బస్సులో నాకేమీ గుర్తులేదు. ఇంట్లో మా ఆవిడ బియ్యం ఏరుతోంది. నీకు తెలుసా అని అడిగాను. దేని గురించని అడగలేదు, చేట కింద పెట్టింది.

"నువ్వు ఏడ్చిన నాడు నాకు తెల్వది. తర్వాత రెండు దినాలకు అక్క చెప్పింది. చెప్తే నువ్వు వాళ్ళ గడప తొక్కవు, నాకు పుట్టింటి వాసన మిగిలింది అక్క ఒక్కతే. రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న. దినాలు గడిచినంక నోరు రాలే."

మూడేళ్ళు. నా పక్కన కూర్చుని అన్నం తింటూ, నేను అప్పుడప్పుడు ఆ కాలిపోయిన రైళ్ళను తలుచుకుని మాట్లాడితే వింటూ, ఊ కొడుతూ ఉన్న మూడేళ్ళు. లోపలికి పోయి చొక్కా విప్పి గోడకు తగిలించాను. ఆ వారం మా ఇంట్లో ఇద్దరు మనుషుల అడుగులు తప్ప ఇంకో చప్పుడు లేదు.

తర్వాత ఏమైందంటే, నెల దాటాక మా చెల్లెలు ఫోను చేసి, ఆ టీవీ తీసేశారని, ఆయనే స్వయంగా వచ్చి తీయించి పోయాడని చెప్పింది. పేరు చెక్కిన పలక అట్లాగే ఉందట. దాని గురించి నేను ఎవరికీ రాయలేదు, ఎవరినీ అడగలేదు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తారని విన్నాను, చూడనీ. నేను మళ్ళీ ఆ బడికి పోలేదు, జనగామ గడప తొక్కలేదు. మా ఆవిడ మీద కోపం మెల్లమెల్లగా అరిగిపోయింది. ఒకే కప్పు కింద ఉన్న కోపానికి ఆయుష్షు తక్కువ. అక్కాచెల్లెళ్ళు ఫోనులో మాట్లాడుకుంటారు. నేను గదిలోకి వస్తే ఆవిడ గొంతు తగ్గిస్తుంది. తగ్గించవద్దని చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను.

ఇప్పుడు కరెంటు తీగ ఎక్కడపడితే అక్కడ ఉంది, బండ్లు జనగామను కన్ను మూసి తెరిచేలోపు దాటిపోతాయి, కంట్లో నలుసు పడే కిటికీలు లేవు. వాటికి నేను బాధపడను, రోజులు మారడం రోజుల పని. నా బాధ వేరు. మా కాలంలో తోడబుట్టినవాడో, తోడల్లుడో ఒక మాట చెబితే అదే సాక్ష్యం. ఆ రోజు ఫోనులో కాలబెట్టిన అంటే, ఎక్కడ కాల్చావు, బూడిద ఏదని అడగాలన్న ఊహ కూడా నాకు రాలేదు. అట్లా నమ్మడం నా మంచితనమేమీ కాదు, మా అందరికీ అలవాటైన ఊపిరి లాంటిది. పోయిన నెల నాతో ముప్పై ఏళ్ళు గనిలో దిగిన స్నేహితుడి కొడుకు ఫోను చేసి, బాపును దవాఖానలో చేర్చినం, నిన్ను చూడాలంటున్నడు అన్నాడు. ఏ దవాఖాన, ఏ వార్డు, డాక్టరు పేరేంది అని నేను వరసగా అడిగాను. వాడు ఏడుపు ఆపుకుంటూ ఒక్కొక్కటీ చెప్పాడు. అన్నీ నిజమే. వెళ్ళేసరికి నా స్నేహితుడికి స్పృహ ఉంది, నా చేయి పట్టుకుని, ఫోను రాంగనే ఉరికొచ్చినవా అని సంతోషపడ్డాడు. నేను తల ఊపాను.